స్పిట్జర్ దూరదర్శిని: పరారుణ గ్రాహకమున దోషపరిశీలనము

ఇంద్రధనుస్సున ఎఱుపునకు ఆవల ఏమియు లేదని కన్ను చెప్పును. అది పూర్తిగ నిజము కాదని 1800 సంవత్సరమున ఇంగ్లండునందు విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఆయన సూర్యకాంతిని పట్టకము గుండ పంపి, విడివడిన రంగులలో ఒక్కొక్కదాని చెంత ఉష్ణమాపకము నుంచి వేడిమిని కొలుచుచు పోయెను. ఎఱుపు ముగిసి రంగేమియు కానరాని చోట సయితము ఉష్ణమాపకము పైకి ప్రాకుట ఆయన గమనించెను. కంటికి కనబడని ఆ కాంతినే మనము పరారుణమని వ్యవహరించుచున్నాము. హిందీవారు దీనికి 'అవరక్త' అని పేరు పెట్టిరి. మూలమగు పాశ్చాత్యపదమునందలి 'క్రింద' అను అర్థమును ఆ పదము యథాతథముగ తెచ్చుకొన్నది; స్పందనసంఖ్యలో ఎఱుపునకు దిగువది అని దాని భావము. తెలుగువారు గ్రహించిన 'పరారుణ' శబ్దమో, ఎఱుపునకు ఆవలిది అని చూచువాని వైపునుండి చెప్పుచున్నది. హెర్షెల్ ఉష్ణమాపకమును జరిపిన దిక్కు అదియే కావున, మన పదమే ఆ ప్రయోగమునకు చేరువగ నున్నదని మా యభిప్రాయము. పరిభాషను గూర్చిన ముచ్చట ఇంతటితో చాలించి ప్రకృతమునకు వత్తము.

భూమికి కోట్లకొలది కిలోమీటర్ల దూరమున నున్న ఒక దూరదర్శినియందలి పరారుణ గ్రాహకమును, చేతితో తాకు వీలు లేకయే, దాని నిర్మాతలు తలపెట్టని కార్యమునకు సమర్థమగునట్లు చేసిన విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. సాధనమును మెఱుగుపఱచుట యనగా దాని దోషమును తొలగించుట యని సామాన్యముగ తలంతుము. ఇచ్చట దోషములో కొంత మాత్రమే తొలగినది. మిగిలినదానిని తొలగింప వీలులేక, దాని స్వభావమును సమగ్రముగ తెలిసికొని, లెక్కలో బంధించిరి. ప్రాచీనగ్రంథముల పరిష్కరణముతో పరిచయము గల మన శాఖవారికి ఈ పద్ధతి అపరిచితము కాదు. అందువలననే ఈ విషయమును ఈ సంచికయందు ప్రస్తావింప సాహసించితిమి.

మొదట దూరదర్శినికి చల్లదన మేల కావలెనో చూతము. వేడిమి గల ప్రతి పదార్థమును పరారుణకాంతిని వెలువరించుచుండును. మన దేహము, ఇంటిగోడ, తుదకు మంచుగడ్డ సయితము ఈ నియమమునకు లోబడినవే. కావున భూమిపై నిలిపిన దూరదర్శిని పరారుణమున తానే వెలుగుచుండును. దానిపై నున్న గాలియు వెలుగుచుండును. ఆ గాలిలోని నీటియావిరి చుక్కలనుండి వచ్చు పరారుణకాంతిలో పెద్దభాగమును మ్రింగివేయును. పట్టపగలు, చేత దివిటీ పట్టుకొని, నక్షత్రములను వెదకువాని పాటుతో దీనిని పోల్చవచ్చును. వాతావరణమును దాటి పోయినచో పగలు తొలగినట్లు. దూరదర్శినినే శీతల మొనర్చినచో దివిటీ ఆరినట్లు.

అమెరికాదేశపు నాసా సంస్థ 2003 ఆగస్టు 25న ప్రయోగించిన స్పిట్జర్ దూరదర్శిని ఈ రెండు అవసరములను తీర్చుటకై నిర్మింపబడినది. అంతరిక్షమున దూరదర్శినిని నిలుపవలెనని 1946లోనే ప్రతిపాదించిన లైమన్ స్పిట్జర్ పేరు దానికి పెట్టిరి. దాని ప్రధానదర్పణము బెరీలియము అను తేలికలోహముతో చేయబడినది. వ్యాసము 85 సెంటీమీటర్లు మాత్రమే. ఇంతకు ఎన్నో రెట్లు పెద్దవగు దర్పణములు భూమిపై కలవు. స్పిట్జర్ బలము పరిమాణమున గాక చల్లదనమున నుండెను. దానితో 360 లీటర్ల ద్రవహీలియమును పంపిరి. భూమిచుట్టు తిరిగినచో భూమి వేడిమి తగులునని, సూర్యునిచుట్టు, భూమికి వెనుకగా, ఏటేట మనకు దూరమగునట్టి కక్ష్యయందు దానిని విడిచిరి. ఒక పార్శ్వమునే సూర్యునికి చూపుచు, రెండవ పార్శ్వమునుండి వేడిమిని అంతరిక్షపు చీకటిలోనికి విడుచుచు, హీలియము తోడ్పాటు లేకయే అది సున్నకు సుమారు 240 సెంటిగ్రేడు డిగ్రీల దిగువకు చల్లబడెను. ఆపైని హీలియపుటావిరి దానిని పరమశూన్యమునకు అయిదాఱు డిగ్రీల చేరువకు తెచ్చెను.

ఆ దూరదర్శినియందు మూడు సాధనము లుండెను. మనకు ప్రకృతమైనది 'ఐరాక్' అను సంక్షేపనామము గల పరారుణ చిత్రగ్రాహకము. స్మిత్సోనియన్ ఖగోళభౌతిక వేధశాలకు చెందిన జొవాని ఫాజియో దాని ప్రధానపరిశోధకుడు. అది 3.6, 4.5, 5.8, 8.0 మైక్రానుల తరంగదైర్ఘ్యముల వద్ద నాలుగు పలకలపై ఆకాశమును చిత్రించునది. ఒక్కొక్క పలక నిడివికి 256, వెడల్పునకు 256 గళ్ళుగ విభజింపబడినది. శాస్త్రజ్ఞులు పిక్సెల్ అను దానినే మేము గడి యనుచున్నాము. చదరంగపు బల్లను చూచిన వానికి ఇంతకంటె సులభమైన మాట యక్కఱలేదు. ఆకాశమున ఒక గడి కప్పు వెడల్పు సుమారు 1.2 వికలలు, వికల యనగా డిగ్రీలో 3600వ వంతు. మొదటి రెండు పలకలు ఇండియము, ఆంటిమొనీల సమ్మేళనముతోను, తక్కిన రెండు ఆర్సెనిక్ కలిపిన సిలికానుతోను చేసినవి. ఈ భేదము వలన కలిగిన ఫలితము ముందు తెలియగలదు.

అంతరిక్షమునందలి సాధనమును మెఱుగుపఱచుట అనగానే పాఠకులకు హబుల్ దూరదర్శిని స్ఫురించుట సహజము. అది భూమికి చేరువగ తిరుగుచున్నది కావున 1993 మొదలు 2009 వఱకు వ్యోమగాములు అయిదు పర్యాయములు పోయి దానిని చక్కదిద్దిరి. దానియందును 1997లో నిక్మాస్ అను పరారుణసాధనము నమర్చిరి. దానిని చల్లబఱచుటకు ఉంచిన ఘనీభవించిన నత్రజని, పాత్రలోని లోపము వలన, అనుకొన్నదానికంటె ముందుగ 1999 జనవరి నాటికే హరించిపోయెను. మూడేండ్లు ఆ సాధనము నిద్రపోయెను. 2002 మార్చిలో వ్యోమగాములు ఒక శీతలయంత్రమును కొనిపోయి అమర్చగా అది మరల మేల్కొన్నది. ఇది వైద్యుడు రోగి మంచముకడకు పోయి చేసిన చికిత్స. స్పిట్జర్‌కు ఆ యదృష్టము లేదు. అది 2020 నాటికి భూమికి 25 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరమై యుండెను. దానికి పంపదగినవి ఆజ్ఞలు మాత్రమే.

2009 మే 15న హీలియము పూర్తిగ నిశ్శేషమయ్యెను. ఇది అనుకోని విపత్తు కాదు. కనీసము రెండున్నరేండ్లు పనిచేసిన చాలునని పంపినది అయిదేండ్లకు పైగా చల్లగ నుండినది. దూరదర్శిని వేడెక్కెను. వేడెక్కుట యనగా పరమశూన్యమునకు పైన సుమారు 29 డిగ్రీలకు వచ్చుట. మన లెక్కలో సున్నకు 244 డిగ్రీల దిగువ. ఆ మాత్రపు వేడిమికే సిలికాను పలకలు రెండును, తక్కిన రెండు సాధనములును పనికిరాకుండ పోయినవి. ఇండియము పలకలు రెండును, అనగా 3.6, 4.5 మైక్రానులవి, నిలిచినవి. మూడు సాధనముల కాపురమున ఒక సాధనము, అందును సగము మిగిలినది. ఆ సగముతోనే 2020 జనవరి 30 వఱకు పదియేండ్లకు పైగా పని జరిగినది. మేము చెప్పదలచిన మెఱుగు ఈ రెండవ దశయందే విశేషముగ కలిగినది.

ఈ దశలో స్పిట్జర్ చేసిన ముఖ్యకార్యములలో ఒకటి సౌరేతర గ్రహముల, అనగా అన్యతారల చుట్టు తిరుగు గ్రహముల, పరిశీలనము. దూరదర్శినిని రూపొందించునాటికి ఈ కార్యము దాని ప్రణాళికయందు లేదు. అట్టి గ్రహమును విడిగ చూచుట దానికి శక్యము కాదు. తారయు గ్రహమును కలిసి ఒకే చుక్కగ కనబడును. ఉపాయ మేమనగా, గ్రహము తార వెనుకకు పోయినపుడు ఆ చుక్క వెలుగు కించిత్తు తగ్గును. తగ్గినంత మేరయు గ్రహము వంతు. తారకు మిక్కిలి దగ్గఱగ తిరుగు పెద్దగ్రహములు వేడిగ నుండును గావున పరారుణమున వాని వంతు వెయ్యింట ఒకటి రెండు పాళ్ళ మేరకు వచ్చును. 2005లో స్పిట్జర్ ద్వారా రెండు పరిశోధకబృందములు ఇట్లు రెండు గ్రహముల వెలుగును మొదటిసారి కొలిచినవి. కొలవవలసినది వెయ్యింట ఒక పాలు. కొలుచు సాధనము మాత్రము అంతటి నిలుకడను కోరి చేసినది కాదు. చిక్కు అచ్చటనే మొదలయ్యెను.

చేనంతయు ఒకే తీరున పండదని రైతు ఎఱుగును. అట్లే గడియొకటి తనపై బడిన కాంతిని అన్నిచోట్ల ఒకే తీరున గ్రహింపదు. ఇండియము పలకలయందు గడి నడుమ గ్రహణశక్తి హెచ్చు. అంచులకు పోయినకొలది తగ్గును. తార ప్రతిబింబము పలుగళ్ళపై విశాలముగ పఱచుకొన్నచో ఈ హెచ్చుతగ్గులు ఒకదానినొకటి సరిచేసికొనును. కాని 3.6, 4.5 మైక్రానుల వద్ద ప్రతిబింబము చిన్నది. దాని వెలుగులో చాలభాగము ఒకటి రెండు గళ్ళలోనే ఇమిడిపోవును. అట్టి ప్రతిబింబము గడిలో అణుమాత్రము జరిగినను, తార వెలుగు మాఱకయే, మాఱినట్లు లెక్క వచ్చును. ఆ మార్పు గ్రహము వలన కలుగు మార్పుకంటె ఎన్నో రెట్లు పెద్దది కావచ్చును.

ప్రతిబింబ మేల జరుగవలెను? ఏలయన, దూరదర్శిని ఊగుచుండెను. ఈ ఊగులాట క్రమము తప్పనిది; సుమారు గంటకొకసారి ఒక పక్కకు పోయి తిరిగివచ్చుచుండెను. కొలతలను వరుసగ గీచినచో ఱంపపుపండ్ల వలె కనబడినవి. ఇంత నియతమైన చలనమునకు నియతమైన కారణ ముండవలెనని యోచించి వెదకిరి. దొరకిన కారణము చిత్రమైనది. వ్యోమనౌకయందలి బాటరీ చల్లబడి చెడిపోకుండ దానికొక హీటరు నమర్చిరి. అది గంటకొక ఆవృత్తిగ వెలిగి ఆరుచుండెను. వెలిగినపుడు కలుగు వేడిమికి, దిక్కు తెలుపు తారాన్వేషకములకును దూరదర్శినికిని నడుమనున్న ఆధారము లేశమాత్రము వంగుచుండెను. తారాన్వేషకము తాను తిన్నగ చూచుచున్నాననియే తలచును. దూరదర్శిని మాత్రము పక్కకు చూచుచుండును. సూక్ష్మగ్రాహక మెక్కడ, బాటరీ హీటరెక్కడ! ఈ రెంటికిని సంబంధము గలదని ఊహించినవారి నిశితబుద్ధిని మెచ్చకుండుట మాకు సాధ్యము కాలేదు.

బాటరీకి అంతసేపు వేడిమి అవసరము లేదని పరీక్షించి తెలిసికొని, 2010 అక్టోబరునందు హీటరు ఆవృత్తిని సుమారు అరగంటకు కుదించిరి. వేడెక్కు వ్యవధి తగ్గుటతో ఊగులాట సగమునకు దిగెను. ఆజ్ఞాపంక్తులు కొన్ని పంపుట తప్ప ఇందులకైన వ్యయము లేదు.

ఊగులాట సగమైనను, తార గడిలో ఏ చోట కూర్చుండుననుట యింకను యాదృచ్ఛికముగనే యుండెను. దూరదర్శినిని ఒక తారవైపు త్రిప్పి నిలిపినపుడు అది ఒకనాడు గడి నడుమకు వచ్చును, మఱునాడు అంచునకు వచ్చును. దీనికి కనుగొన్న ఉపాయము పాతవస్తువును కొత్తపనికి నియోగించుట. తారాన్వేషకముల చూపును దూరదర్శిని చూపును పొందుపఱచుటకు, దూరదర్శిని లోపల దృశ్యకాంతిలో పనిచేయు చిన్న సాధన మొకటి మొదటినుండియు కలదు. తారను సన్నని చీలికపై నిలుపవలసిన వర్ణపటసాధనమునకు అది తోడ్పడుచుండెడిది. హీలియముతో ఆ వర్ణపటసాధనము పోయెను. ఈ తోడుగాడు మిగిలెను. 2011 సెప్టెంబరు మొదలు దానిని చిత్రగ్రాహకమునకు వినియోగింప నారంభించిరి. మొదట తారను ఆ సాధనముపై నిలిపి దాని స్థానమును సూక్ష్మముగ కొలిచి, అచ్చటినుండి లెక్కప్రకారము జరిపి, గ్రాహకమున కోరిన గడిలో కోరిన భాగముననే కూర్చుండబెట్టిరి. గడియంతయు గాక, గడిలో నాలుగవవంతు వైశాల్యము గల ఒక మంచిచోటును ఎన్నుకొనిరి. అచ్చట గ్రహణశక్తి హెచ్చు. అంతకంటె ముఖ్యము, అచ్చట కొంచెము జరిగినను కలుగు మార్పు స్వల్పము.

ఇంకొక చిన్న జాగ్రత్తయు పాటించిరి. దూరదర్శిని క్రొత్తదిక్కునకు తిరిగిన పిదప మొదటి అరగంటలో ప్రతిబింబము మెల్లగ జారుచుండెడిది. కావున తారను చూచుచు అరగంటసేపు ఊరక గడపి, అది కుదుటబడిన తరువాత మరల సరిచూచి అసలు కొలతలు మొదలుపెట్టుట ఆచారమయ్యెను. దూరదర్శిని కాలము బంగారముతో సమానము. అందు అరగంటను కేవలము కుదురుటకై విడుచుటకు సమ్మతించిరనగా కొలత శుద్ధికి వారెంత విలువనిచ్చిరో తెలియగలదు.

ఇంతవఱకు చెప్పినది దోషమును తగ్గించుట. తగ్గగా మిగిలినదాని సంగతి వేఱు. గడిలోపలి హెచ్చుతగ్గులను మార్పజాలరు. అవి పలకతో పుట్టినవి. కావున వెలుగు మాఱని తార నొకదానిని ఎన్నుకొని, దానిని ఆ మంచిచోటున ఇంచుకించుక జరుపుచు వేలకొలది పర్యాయములు కొలిచి, గడిలో ఏ బిందువున గ్రహణశక్తి ఎంతయో తెలుపు పటమును సిద్ధము చేసిరి. గ్రామకరణము పొలము గట్లను ఒక్కొక్కటి కొలిచి చిట్టా వ్రాసినట్టి పని యిది. ఒక గడిలోని చిన్న తునుకకు ఇంతటి భూమాపనము జరిగెనన్నచో వినువారికి వింతగ నుండును. పటము చేతనున్న పిదప, తార ప్రతిబింబము ఏ క్షణమున ఎచ్చట నుండెనో తెలిసినచో, అచ్చటి గ్రహణశక్తిచే భాగించి, తార అసలు వెలుగును రాబట్టవచ్చును.

ఇచ్చట తాళపత్రగ్రంథముల మాట చెప్పక తప్పదు. ప్రతివిలేఖకుని తప్పులు రెండు విధములు. కొన్ని ఏమఱుపాటున పడినవి. వానికి నియమము లేదు. కొన్ని అలవాటున పడినవి. ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు భేదము పాటింపని ప్రతులు కలవు. పకార వకారములను ఒకే పోలికతో వ్రాయు చేతులు కలవు. ఒత్తులను విడుచువారును, లేనిచోట పెట్టువారును కలరు. పరిష్కర్త ఒక ప్రతిని పదిపుటలు చదివినచో ఆ లేఖకుని చేతివాటము తెలిసిపోవును. తెలిసిన పిదప ఆ తప్పులు తప్పులుగ బాధింపవు. అతడు వ్రాసినదానిని చూచి అతడు చూచినదానిని మనము చదువగలము. తప్పులు తక్కువగ నుండి నియమము లేని ప్రతికంటె, తప్పులు హెచ్చయినను నియమము గల ప్రతియే పరిష్కర్తకు ఎక్కువ యుపకరించును. స్పిట్జర్ గ్రాహకము ఈ రెండవజాతి ప్రతి.

అయితే పరిష్కరణమునందు ఒక ప్రమాదము గలదని మన మెఱుగుదుము. దిద్దు చేయి దురుసుదైనచో లేఖకుని తప్పుతోపాటు కవి పాఠమును కూడ దిద్దివేయును. ఖగోళశాస్త్రమునందును ఇదియే జరిగెను. దోషమును లెక్కగట్టు సూత్రమునకు మితిమీఱిన స్వేచ్ఛ నిచ్చినచో అది గ్రహము వలన కలిగిన తగ్గుదలను కూడ దోషముగ భావించి తుడిచివేయును. స్వేచ్ఛ చాలనిచో, దోషము గ్రహపు సంకేతముగ మిగిలిపోవును. ఈ నడుమనున్న దారి ఎంత ఇఱుకైనదో తెలుపుటకు రెండు ఉదాహరణములు చాలును.

సుమారు 160 కాంతివర్షముల దూరమున హెచ్.డి. 209458 అను తార కలదు. తన తారముందునుండి దాటుచుండగ మొట్టమొదట 1999లో గుర్తింపబడిన సౌరేతర గ్రహము దీనిదే. స్పిట్జర్ కొలతలను బట్టి ఆ గ్రహపు వాతావరణమున పైపొరలు క్రిందిపొరలకంటె వేడిగ నున్నవని 2008లో నిర్ణయించిరి. భూమిపై ఓజోను పొర వలన ఇట్టి విపర్యయము కొంత ఎత్తున కలుగుచున్నది. అట్టిదే అచ్చటను గలదన్నచో, ఓజోనుకు బదులు కాంతిని మ్రింగు పదార్థ మేదియో ఉండవలెను. టైటానియము ఆక్సైడు ఆవిరి కావచ్చునని సిద్ధాంతకర్తలు చర్చించిరి. ఇతర గ్రహములను సయితము విపర్యయము గలవి, లేనివి అని విభజింప సాగిరి. ఆ 2008 నాటి నిర్ణయమునకు ఆధారమైన కొలతలు, నాలుగు పలకలను ఒకే గ్రహణకాలమున వినియోగింపవలెనను కోరికతో, దూరదర్శినిని ఇటునటు మార్చిమార్చి త్రిప్పుచు తీసినవి. తారను కదల్చక చూచుట అప్పటికింకను స్థిరపడలేదు. అనంతరము, తారనే యెడతెగక చూచుచు తీసిన కొలతలు లభించినవి. పాతవానిని క్రొత్తపద్ధతిచే మరల పరిశీలించిరి. 2014లో వెలువడిన ఆ పరిశీలన ప్రకారము విపర్యయమునకు సాక్ష్యము లేదు. ఆఱేండ్లు ఒక లోకపు వాతావరణముగ చలామణి అయినది, చాలవఱకు, గడులలోని చిన్న హెచ్చుతగ్గుల నీడ.

రెండవ ఉదాహరణము హెచ్.డి. 189733 తార చుట్టు తిరుగు గ్రహము. దాని వాతావరణమున నీటియావిరి గలదని, స్పిట్జర్ కొలతల ఆధారముతోనే, 2007లో ప్రకటించిరి. అవే కొలతలను మఱికొందఱు పరీక్షించి, వానియందలి అనిశ్చయము అట్టి నిర్ణయమును భరింపజాలదనిరి. వాదము కొంతకాలము నడచెను. 2014లో హబుల్ దూరదర్శినియు, 2024లో వెబ్ దూరదర్శిని కొలతలును అచ్చట నీటియావిరి కలదని చూపినవి. కావున 2007 నాటి ప్రకటన నిజమే. దానికి చూపిన ప్రమాణము చాలదన్న మాటయు నిజమే. ఈ రెంటిని కలగాపులగము చేసి, 'తుదకు వారే గెలిచిరి' అనుట న్యాయము కాదని మా యభిప్రాయము. ప్రక్షిప్తమని ఒకరు ఊహించిన పద్యము పిదప దొరకిన ప్రాచీనప్రతిలో లేకుండుట సంభవించును. అంతమాత్రమున మొదటి ఊహకు మొదటనే ప్రమాణ ముండెనని చెప్పవలనుపడదు.

ఇట్టి వివాదముల వలన దోషపరిహార పద్ధతులు పెరిగినవి. కొందఱు పటము నాధారపఱచుకొనిరి. కొందఱు పరిశీలించుచున్న తార కొలతలనుండియే గడి స్వభావమును రాబట్టిరి. కొందఱు ప్రతిబింబస్థానమును లెక్కింపక, ఇరుగుపొరుగు గళ్ళ వెలుగులే స్థానమును తెలుపునని వానిని ఉపయోగించిరి. వీనిలో ఏది నమ్మదగినదో తేల్చుట యెట్లు? పద్ధతులన్నియు ఒకేమాట చెప్పినను అది చాలదు. ఒకే మాతృకనుండి పుట్టిన నాలుగు ప్రతులు ఒకే పాఠము చూపినచో నాలుగు సాక్ష్యములు కావు గదా. 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనమున ఈ చిక్కును విప్పుటకు చక్కని యుపాయము పన్నిరి. ఎక్స్.ఓ.-3బి అను గ్రహము తార వెనుకకు పోవుటను స్పిట్జర్ పది పర్యాయములు చూచిన కొలతలను తీసికొని, ఏడు పద్ధతులచే విడివిడిగ పరిష్కరింపజేసిరి. దానితో ఆగక, ఆ కొలతలను పోలిన కృత్రిమమైన కొలతలను కూడ కల్పించి యిచ్చిరి. వానియందు గ్రహపు వంతు ఎంతయో కల్పించినవారికి ముందే తెలియును. పరిష్కర్తలకు కవి స్వహస్తప్రతిని దాచి, దానికి తప్పులు చేర్చి వ్రాసిన ప్రతి నిచ్చి పరీక్షించినట్లు! ఫలితములలో పెక్కు సత్యమునకు చేరువగ వచ్చినవి; అయినను పద్ధతినిబట్టి ఫలితము కొంత మాఱుచునే యుండెనని తేలెను. ఇట్టి పరీక్షకు తామై తల యొగ్గుట ఏ శాస్త్రమునందైన అరుదు. మన పాఠపరిష్కరణమునందు ఇట్టి ప్రయత్నము ఒకటైన జరుగవలెనని కోరుచున్నాము.

ఈ మెఱుగు లన్నిటి ఫలముగ లభించిన పరిశీలనములలో పేరెన్నికగన్నది ట్రాపిస్ట్-1 తారకు సంబంధించినది. అది కుంభరాశియందు మనకు సుమారు 40 కాంతివర్షముల దూరముననున్న చిన్నతార. పరిమాణమున గురుగ్రహమునకు కొంచెము పెద్దది. చల్లనిది గావున దాని వెలుగులో అధికభాగము పరారుణమే. దాని చుట్టు మూడు గ్రహములు కలవని 2016 మేలో భూమిపైనుండి చూచినవారు ప్రకటించిరి. అయితే మూడవదాని జాడగ భావింపబడినది సందిగ్ధముగ నుండెను. భూమిపై వేధశాలకు పగలు అడ్డము, మబ్బు అడ్డము. స్పిట్జర్‌కు ఆ రెండును లేవు. 2016 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో సుమారు ఇరువదిదినములు, ఇంచుమించు ఎడతెగక, అది ఆ యొక్క తారనే 4.5 మైక్రానుల పలకపై చూచెను. గ్రహ మొక్కటి ముందుగ దాటినపుడు తార వెలుగు తగ్గునది నూటికి ఒకపాలు కంటె తక్కువ. అట్టి తగ్గుదలలు అనేకము లభించినవి. వానిని వరుస కూర్చి చూడగ గ్రహములు మూడు కావు, ఏడు. మూడవదాని జాడ యనుకొన్నది ఒకటికంటె ఎక్కువ గ్రహముల జాడలు కలిసిపోయినది. 2017 ఫిబ్రవరి 22న ఈ విషయమును ప్రకటించిరి.

హీటరు గంటకొకసారి దూరదర్శినిని ఊపుచుండగ, తార గడిలో ఏమూలనో కూర్చుండగ, ఈ ఇరువదిదినముల కొలతలు తీసియుండినచో ఏమయ్యెడిదని తలపోయుట వ్యర్థము కాదు. పెద్ద తగ్గుదలలు అప్పుడును కనబడియే యుండును. కాని ఏడుగ్రహముల తగ్గుదలలు ఒకదానిపై నొకటి పడుచుండు ఆ చిక్కుముడిని విప్పుటకు, ప్రతి తగ్గుదల ఆకృతియు, అది ఆరంభమైన క్షణమును ఖండితముగ తెలియవలెను. గ్రహములు ఒకదానినొకటి ఆకర్షించుకొనుట వలన ఆ క్షణములు కొలది నిమిషములు ముందువెనుక లగుచుండును. ఆ నిమిషముల తేడానుండియే వాని బరువులను లెక్కగట్టిరి. ఱంపపుపండ్ల నడుమ ఆ నిమిషములను నమ్మకముగ చదువుట కష్టము.

2020 జనవరి 30న స్పిట్జర్‌కు తుది యాజ్ఞ పంపి దాని పని చాలించిరి. అప్పటికి ఆ దూరదర్శిని చాల దూరము పోయియుండెను. కదలని యాంటెనాను భూమివైపు త్రిప్పవలెనన్నచో వ్యోమనౌకనే వాల్చవలసి వచ్చుచుండెను, వాల్చినపుడు సౌరఫలకములకు ఎండ తగ్గుచుండెను. 2021 డిసెంబరు 25న ప్రయోగింపబడిన వెబ్ దూరదర్శినియందు మధ్యపరారుణ సాధనమును చల్లబఱచుటకు హరించిపోవు హీలియమును గాక, సంవృతచక్రమున పనిచేయు శీతలయంత్రమును అమర్చిరి. స్పిట్జర్ కొలతలన్నియు కాలిఫోర్నియాలోని పాసడీనాయందు భద్రపఱుపబడి, ఎవరు కోరినను లభించుచున్నవి. పాతకొలతలను క్రొత్తపద్ధతులచే పరిష్కరించువారు వానిని తీసికొనుచునే యున్నారు. మంచిచోటునకు గీసిన ఆ గ్రహణశక్తి పటము కూడ వానితోపాటు అచ్చటనే యున్నది.